అమ్మ చేయి, కొడుకు యంత్రము: ‘మల్లేశం’ చిత్రముపై ఒక పరిశీలన

తెలుగు చలనచిత్రములలో యంత్రము కథానాయకుని మోటారు సైకిలుగానో, ప్రతినాయకుని తుపాకిగానో కనిపించుట మనకు అలవాటు. ఒక యంత్రము పుట్టుటయే కథగా గల చిత్రములు మిక్కిలి అరుదు. 2019 జూన్ 21వ తేదీన విడుదలైన ‘మల్లేశం’ అట్టి అరుదైన చిత్రము. దీనికి రాజ్ రాచకొండ దర్శకుడు. మల్లేశముగా ప్రియదర్శి, తల్లి లక్ష్మిగా ఝాన్సీ, భార్య పద్మగా అనన్య నటించిరి. కథ కల్పితము కాదు. నాటి నల్లగొండ జిల్లా, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితమే దీనికి ఆధారము. ఆయన నిర్మించిన ఆసు యంత్రమునకు గుర్తింపుగా భారత ప్రభుత్వము 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము నిచ్చినది.

ఇట్టి చిత్రమును ఉపాధ్యాయులు తరగతిలో చూపగోరుట సహజము. చూపదగినదే. కాని పాఠముగా చూపునప్పుడు పాఠ్యగ్రంథమును పరీక్షించినట్లు దీనినికూడ పరీక్షింపవలెను. ఇందు విజ్ఞానమెంత? చెప్పిన తీరెట్టిది? చెప్పక విడిచినదేమి? ముఖ్యముగా, స్త్రీకిని యంత్రవిద్యకును గల సంబంధమును ఈ చిత్రము ఏ విధముగా చూపినది? పట్టుతోను మగ్గముతోను జీవించు ఊళ్లలో ఈ చివరి ప్రశ్న మరింత పదునుగా వినబడును. అందుచేత శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములను ఎదుట నుంచుకొని ఈ చిత్రమును పరిశీలించుచున్నాను.

ఆసు అనగా నేమి?

పోచంపల్లి చీరలలోని పని నేతకు ముందే మొదలగును. దారమునకు అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తరువాత మగ్గమెక్కింతురు. కట్లు సరియైన చోట పడుటకు దారమును ముందుగా ఒక క్రమములో పేర్చవలెను. ఇందుకు అర్ధచంద్రాకారముగల ఒక చట్రమున్నది. దాని వంపు వెంబడి వరుసగా మేకులుండును. ఎదుట కేంద్రమువద్ద ఒక మేకుండును. స్త్రీ దాని ముందు కూర్చుండి దారమును కేంద్రపు మేకునుండి వంపులోని మేకునకును, అచ్చటినుండి మరల వెనుకకును త్రిప్పుచుండును. ఇదియే ఆసుపోయుట.

ఒక చీరకు చేయి ఇంచుమించు 9,000 మారులు కదలవలెను. ఒక్కొక్క కదలికకు ఒక మీటరు దూరమనుకొన్నచో చీర ఒకటికి 9 కిలోమీటర్లు. దినమునకు రెండు చీరలైనచో 18 కిలోమీటర్లు. హిందూపురమునుండి లేపాక్షికి గల దూరముకంటె ఇది ఎక్కువ. కూర్చున్న చోటు కదలకుండ భుజముతో చేయు ప్రయాణమిది. చీర ఒకటికి నాలుగైదు గంటలు పట్టును.

ఇచ్చట భౌతికశాస్త్ర విద్యార్థి గమనింపవలసిన విషయమొకటి కలదు. దారమునకు బరువు లేదనియే చెప్పవచ్చును. స్త్రీ ఎత్తుచున్న బరువంతయు తన చేతిదే. ప్రతి కదలికకు చేతిని నిశ్చలస్థితినుండి కదలించవలెను, మేకువద్ద వేగమును తగ్గించి త్రిప్పవలెను, మరల కదలించవలెను. దారమునకు చేరుచున్న పని బహు స్వల్పము. కండరములు వెచ్చించు శక్తి దాదాపు అంతయు చేతిని నడుపుటకును ఆపుటకునే సరిపోవును. కాబట్టి ఈ నొప్పికి కారణము భారము కాదు, ఆవృత్తి. ఇట్లు పలుమారులు ఒకే తీరున జరుగు కదలికయే యంత్రమునకు అప్పగింపదగిన పని.

మల్లేశం ఆరవ తరగతితో చదువు మానినవాడు. 1992లో ప్రయత్నమారంభించి 1999లో యంత్రమును పూర్తిచేసెను. ఒకే చేయి ఎరుగకయే చేయుచున్న పనిని ఆయన భాగములుగా విడదీయవలసి వచ్చెను: దారమును ముందు వెనుకలకు నడుపుట, మేకుచుట్టు త్రిప్పుట, లెక్క పూర్తికాగానే తరువాతి మేకునకు జరుగుట, ఇంతసేపును దారపు బిగి చెడకుండ చూచుట. వీనిలో ఒకదానివద్ద పని చాలకాలము నిలిచిపోయెను. హైదరాబాదులో కూలికి పనిచేయుచు బాలానగరములో మరియొక యంత్రపు కదలికను చూచినప్పుడు ఆ చిక్కు విడినది. యంత్రముపై చీర ఒకటికి గంటన్నర చాలును. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను.

చిత్రములోని మేలు

ఈ చిత్రములో మెచ్చదగినవి అనేకములు కలవు. మొదటిది, వైఫల్యమును దాచకపోవుట. నూతన కల్పన యనగా ఒకనాటి మెఱుపు అను భ్రమను మన పాఠ్యపుస్తకములలోని ఆపిలు పండు కథలు పెంచినవి. ఈ చిత్రము చూచిన బాలునకు ఏడేండ్ల అప్పులు, ఎగతాళి, విరిగిన చెక్క చట్రములు జ్ఞాపకముండును. రెండవది, భాష. నేతవారి ఇంటి మాట ఇంటి మాటగానే వినిపించినది. మూడవది, ప్రతినాయకుడు లేకపోవుట. పేదరికమును, తెలియనితనమును కలసి చేయు కీడును చూపుటకు వేరొక దుష్టుడు అక్కరలేదని దర్శకుడు గ్రహించెను.

నటీనటుల విషయములో ఝాన్సీ తల్లి పాత్రను పోషించిన తీరు ప్రత్యేకముగ చెప్పవలెను. భుజమును పట్టుకొని మరల పనికి వంగు ఆ తల్లిలో మన ఊళ్ల స్త్రీలు తమను తాము చూచుకొందురు. భార్య పాత్రకును చిత్రము కొంత చోటిచ్చినది. ఊరంతయు నవ్వుచుండగా భర్త పనిపై ఆమె విశ్వాసము నుంచును. ఇది సామాన్యమైన సహాయము కాదు.

రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ చిన్నది. చిత్రము ముగిసిన తరువాత కాగితముపై ఆ యంత్రమును గీయుమని విద్యార్థి నడిగినచో గీయలేడు. కష్టము బాగుగ కనిపించినది. కదలిక అంతగా కనిపించలేదు. ఏ భాగము ఏల విఫలమైనదో, బాలానగరములో చూచిన కదలిక ఏ చిక్కును ఎట్లు విప్పినదో రెండు నిమిషములు నిలిచి చూపినచో కథకు లోటు వచ్చెడిది కాదు. ప్రేక్షకుని తెలివిపై నమ్మకముంచిన చిత్రము ఈ ఒక్కచోట సంకోచించినది.

రెండవ ఆక్షేపణ పెద్దది. ఈ కథలో తల్లి నొప్పిగా కనిపించినంతగా జ్ఞానముగా కనిపించదు. ఆమె బాధపడును, కుమారుడు కరుగును, యంత్రము పుట్టును. కాని ఆ యంత్రము నేర్చుకొన్నది ఎవరివద్ద? దారము ఎంత బిగిగా నుండవలెనో, ఏ మేకువద్ద జారునో, లెక్క తప్పినచో ఎచ్చట విప్పి సవరింపవలెనో ఆ తల్లి చేతికి తెలియును. కుమారుడు లోహముతో చేసినది ఆ చేతి విద్యకు అనువాదము. ఇంజనీర్లు ఏ యంత్రమునకైనను ముందుగా లక్షణ నిర్దేశము వ్రాసికొందురు. లక్ష్మీ ఆసు యంత్రమునకు ఆ నిర్దేశము ఒక స్త్రీ భుజములో వ్రాసియున్నది. యంత్రము సరిగా పనిచేయుచున్నదని తీర్పు చెప్పగలవారును ఆసుపోయు స్త్రీలే. చిత్రము ఈ స్త్రీలను ఓదార్చినది, వారిని అడుగలేదు.

జరిగిన కథనే కదా చూపినది, దర్శకుడేమి చేయునని కొందరు అనవచ్చును. జరిగినదానిని మార్చుమని నేను కోరుట లేదు. చూపు ఎచ్చట నిలిచినదని అడుగుచున్నాను. మరియొక ప్రశ్నకూడ కలదు. ఆరవ తరగతిలో చదువు మానిన బాలుడు పట్టణమునకు పోయి, కూలిపని చేయుచు, కర్మాగారములలో తిరిగి, ఇతరుల యంత్రములను చూచి నేర్చుకొనగలిగెను. అదే ఊరిలో, అదే పేదరికములో, అదే తెలివితో ఒక బాలిక యున్నచో ఆమెకు ఆ దారి కలదా? బాలానగరములోని ఆ కర్మాగారపు గడపను ఆమె దాటగలిగెడిదా? చిత్రము ఈ ప్రశ్నను వేయలేదు. తరగతిలో ఉపాధ్యాయుడు వేయవలెను.

పట్టుదారము, గాజుపలకలు

ఇది ఒక్క చిత్రములోని లోపము కాదు. మన పట్టు పరిశ్రమనే చూడుడు. హిందూపురములోని పట్టుగూళ్ల మార్కెట్టు పేరెన్నికగన్నది. సమీపమున కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ కలదు. మల్బరీ ఆకు కోయుటనుండి గూడునుండి దారము తీయు రీలింగువరకు స్త్రీల చేయి పడని దశ అరుదు.

రీలింగు చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఒక గూటినుండి వచ్చు పోగు వందల మీటర్ల పొడవుండును. మేలుజాతి గూడైనచో వేయి మీటర్లు దాటును. పోగు సన్నదనమును డెనియర్లలో కొలుతురు. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అదియే దాని డెనియరు. ఆసుపోయు చేయి ఒక చీరకు నడచు దూరముకూడ అంతియే యని పైన చూచితిమి. ఒక్క పోగు రెండు మూడు డెనియర్లు మాత్రమే యుండును. కాబట్టి ఎనిమిది పది గూళ్ల పోగులను కలిపి 20, 22 డెనియర్ల దారము తీయుదురు. ఒక గూడు అయిపోగానే దారము సన్నబడును. వెంటనే వేడి నీటిలోనుండి మరియొక గూటి కొనను పట్టి అందించవలెను. చరఖావద్ద ఈ లోపమును కనిపెట్టునది కన్ను, దిద్దునది వేలు.

స్వయంచాలక రీలింగు యంత్రములో ఈ పనిని రెండు గాజుపలకల మధ్య సన్నని సందు చేయును. దారము ఆ సందుగుండ పోవును. తగినంత లావున్నప్పుడు పలకలతో రాపిడి ఎక్కువగా నుండును. దారము సన్నబడగానే రాపిడి తగ్గును. ఒక మీట కదలును. యంత్రము క్రొత్త గూటి పోగును అందించును. ఎంత చక్కని ఉపాయము! వేడి నీటిలో నానిన వ్రేళ్లకు ఎంత ఉపశమనము! అయినను గమనింపుడు. చరఖావద్ద శ్రమయు ఆమెదే, తీర్పును ఆమెదే. క్రొత్త యంత్రమువద్ద శ్రమ తగ్గినది. తీర్పు గాజుపలకలకు పోయినది. ఆ పలకల సందును సవరించు విద్య ఆమెకు నేర్పినచో ఆమె పై మెట్టు ఎక్కును. నేర్పనిచో కాపలాదారుగా మిగులును.

ఈ రెండింటి నడుమ భేదమును చూపు ఉదాహరణలు లోకములో కలవు. బంగ్లాదేశములో 1997నుండి పల్లె స్త్రీలు అప్పుపై సెల్ ఫోనులు కొని, ఊరివారికి మాట్లాడుకొను సౌకర్యమును అమ్మి వ్యాపారము చేసిరి. వేలాది కుటుంబములకు అది ఆధారమైనది. కాని ఇంటింటికి ఫోను వచ్చుటతో ఆ వ్యాపారము సన్నగిల్లెను. వారి చేతిలో యంత్రముండెను, యంత్రవిద్య లేదు. రాజస్థానములోని తిలోనియాలో 1972లో నెలకొన్న బేర్‌ఫుట్ కళాశాల మరియొక దారి పట్టినది. ఆఫ్రికా, ఆసియా ఖండములనుండి చదువురాని మధ్యవయస్సు స్త్రీలను రప్పించి, రంగులతోను సంజ్ఞలతోను సౌర దీపముల వలయములను కూర్చుట, మరమ్మతు చేయుట నేర్పినది. వారు తమ ఊళ్లకు తిరిగిపోయి దీపములు వెలిగించి, చెడినప్పుడు తామే బాగుచేయుచున్నారు. మొదటిది వ్యాపారమునకు పెట్టుబడి. రెండవది వ్యాపారమునకు పునాది. పునాది లేని పెట్టుబడి ఎంతకాలము నిలుచునో బంగ్లాదేశ అనుభవము చెప్పుచున్నది.

ధర్మవరము, పెనుకొండ

ధర్మవరములో ఆసు లేదు. అచ్చటి పట్టుచీరల అంచులు, కొంగులు జాకార్డు అట్టలపై నడచును. అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. 19వ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సులో పుట్టిన ఈ ఉపాయమే బాబేజీ గణనయంత్రపు ఆలోచనకు దారి చూపినది. ఆ యంత్రముపై 1843లో వివరణలు ప్రకటించి, దాని పనిని జాకార్డు మగ్గపు నేతతో పోల్చినది ఏడా లవ్‌లేస్ అను స్త్రీ. ధర్మవరపు బాలిక తన ఇంటి మగ్గముపై దినమును చూచుచున్న అట్టయే కంప్యూటరుకు పూర్వీకురాలని ఎందరు ఉపాధ్యాయులు చెప్పుచున్నారు? ఆ ఇంటిలో పోగులు చుట్టుట, కండెలు పోయుట, పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుట వంటి పనులలో స్త్రీల పాలు పెద్దది. మగ్గముపై కూర్చున్నవాడు నేతగాడు. మిగిలినవారు సాయము చేయువారు అని లోకము పేరు పెట్టినది. మల్లేశం చిత్రములోని చూపు ఈ లోకపు చూపే.

పెనుకొండవద్ద ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది; అదే సంవత్సరము ఈ చిత్రము విడుదలైనది. అట్టి కర్మాగారములలో వెల్డింగు చేయునవి రోబోట్లు, అనగా యంత్రపు చేతులు. లక్ష్మీ ఆసు యంత్రమును ఒక యంత్రపు చేయియే. ఒకే కదలికను అలుపు లేక ఆవృత్తము చేయుట రెండింటికిని సామాన్యము. ఆ చేతులకు కదలికలు నేర్పువారిలో పెనుకొండ, హిందూపురము పాఠశాలల బాలికలు ఎందరుందురన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇది సాధ్యము కాదనువారికి ఒక తెలుగు స్త్రీ జీవితమును జ్ఞాపకము చేయుదును. అయ్యలసోమయాజుల లలిత 1919లో మదరాసులో జన్మించెను. పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట వైధవ్యము, ఒడిలో నాలుగు నెలల బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. ఆయన ప్రోత్సాహముతో అచ్చటనే చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టము పొందెను. పట్టా పత్రముపై అచ్చయియున్న పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకము వ్రాయవలసి వచ్చెనట! కలకత్తాలో విద్యుత్ పరికరముల సంస్థలో పనిచేయుచు భాక్రా నంగల్ విద్యుత్ ప్రసార పథకమునకు తోడ్పడెను. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశములో పాల్గొనెను.

లక్ష్మికిని లలితకును తెలివిలో భేదము కలదని ఎవరనగలరు? లలితకు ఆచార్యుడైన తండ్రి తలుపు తెరచెను. లక్ష్మి ఎదుట తలుపే లేదు. తలుపులు తెరచుట ఒక తండ్రి ప్రేమకో, ఒక కుమారుని కరుణకో విడిచిపెట్టదగిన పని కాదు. ఆ పని పాఠశాలది, సంఘముది. పెనుకొండకు ధర్మవరమునకు నడుమ చెన్నేకొత్తపల్లి ప్రాంతములో 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ ఆధ్వర్యమున పల్లె స్త్రీలు పొదుపు సహకార సంఘములు స్థాపించుకొని తామే నడుపుకొనుచున్నారు. లెక్కలు వ్రాయుట, అప్పులిచ్చుట, వసూలు చేయుట నేర్చినవారు యంత్రపు లెక్కనుకూడ నేర్వగలరు. పెట్టుబడిని సమకూర్చు విద్య మన స్త్రీలకు వచ్చినది. యంత్రవిద్య దానికి తోడు కావలెను.

తరగతిలో ఈ చిత్రము

ఇంత విమర్శించినను ‘మల్లేశం’ చిత్రమును తప్పక చూపుడని ఉపాధ్యాయులను కోరుచున్నాను. మంచి చిత్రము కనుకనే దానిని ఇన్ని ప్రశ్నలు అడుగ గలిగితిమి. చూపిన మరునాడు విద్యార్థులకు ఒక పని నిండు. ప్రతివారును ఇంటిలో తల్లియో, అవ్వయో, అక్కయో దినమును పలుమారులు చేయు ఒక పనిని ఎన్నుకొనవలెను. కండె చుట్టుట కావచ్చును, ఆకు తరుగుట కావచ్చును, వేరుసెనగ కాయలు ఒలుచుట కావచ్చును. ఒక నిమిషములో చేయి ఎన్ని మారులు కదలినదో లెక్కింపవలెను. ఎంత దూరము కదలినదో కొలువవలెను. దినమునకు మొత్తమెంతయో గుణింపవలెను. తరువాత, ఆ పనిలో కష్టమైన కిటుకు ఏదియో, తాను దానిని ఎట్లు నేర్చినదో ఆమెనే అడిగి, ఆమె చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొని రావలెను. అప్పుడు మాత్రమే యంత్రపు బొమ్మ గీయవలెను. ఆ బొమ్మను మొట్టమొదట చూపవలసినది ఉపాధ్యాయునకు గాదు, ఆమెకు. ఇది ఇట్లు పనిచేయదురా అని ఆమె అన్నచో, ఆ మాటను బొమ్మ క్రిందనే వ్రాయవలెను.

బాలికలును బాలురును ఈ పని సమానముగా చేయవలెను. అందరి బొమ్మలను గోడకు అంటించి, ఒక్కొక్క బొమ్మ క్రింద రెండు పేర్లుంచుడు: గీసినవారిది, నేర్పినవారిది.